గెలుపు లెక్క - 5వ పాఠం: అట్లాంటిక్ జమాఖర్చు

రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రపక్షాలు ఎందుకు గెలిచాయని ఎవరినైనా అడగండి. "అమెరికా కర్మాగారాలు" అంటారు ఒకరు. "జర్మన్ల రహస్య సంకేతాలు దొరికిపోయాయి" అంటారు ఇంకొకరు. మూడో ఆయన రాడార్ అంటాడు. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. అయితే ఆ జవాబు ఏ ప్రశ్నకో, ఏ నెలకో ముగ్గురిలో ఎవరూ చెప్పరు. కారణానికి తేదీ వేయాలని 4వ పాఠంలో నేర్చుకున్నాం. ఈ పాఠంలో కారణానికి తూకం వేయడం నేర్చుకుందాం. కావలసినవి ఒక నోటుపుస్తకం, పెన్సిల్, మామూలు క్యాలిక్యులేటర్. సాధన చేయడానికి 1942, 1943 సంవత్సరాల అట్లాంటిక్ సముద్ర యుద్ధాన్ని తీసుకుందాం.

దీన్నే ఎందుకు తీసుకున్నామంటే, ఇది లెక్కకు లొంగే యుద్ధం. ఓడ రేవుకు చేరిందా, మునిగిందా అన్నది దాదాపు ఎప్పుడూ తేలిపోతుంది. ప్రతి ఓడకూ నమోదైన టన్నేజీ ఉంటుంది. జర్మనీ జలాంతర్గాముల అధిపతి డోనిట్జ్ కూడా ఈ యుద్ధాన్ని లెక్కగానే చూశాడు. ఏ ఓడ, ఎక్కడ, ఏ సరుకుతో మునిగిందన్నది ఆయనకు రెండో విషయం. మిత్రపక్షాలు కట్టేదానికన్నా ఎక్కువ టన్నులు ముంచితే బ్రిటన్ దానంతటదే కూలుతుందన్నది ఆయన సూత్రం. 1942లో జర్మన్ నౌకాదళం పెట్టుకున్న లక్ష్యం నెలకు సుమారు 7 లక్షల టన్నులు. ఆ సంఖ్యను పుస్తకంలో పై అంచున రాసుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

మొదటి పని: గళ్లు గీయడం

పేజీని నిలువుగా నాలుగు గళ్లు చేయండి. మొదటిది నెల. రెండోది ఆ నెలలో యు-బోట్లు, అంటే జర్మన్ జలాంతర్గాములు, ముంచిన ఓడల సంఖ్య. మూడోది వాటి టన్నేజీ, లక్షల్లో. నాలుగోది ఖాళీ, అక్కడ ఆ నెలలో కొత్తగా వచ్చిన మార్పు రాయాలి. ఇప్పుడు ఈ అంకెలు ఎక్కించండి:

1942 నవంబరు: 119 ఓడలు, 7.29
డిసెంబరు: 60 ఓడలు, 3.30
1943 జనవరి: 37 ఓడలు, 2.03
ఫిబ్రవరి: 63 ఓడలు, 3.59
మార్చి: 108 ఓడలు, 6.27
ఏప్రిల్: 56 ఓడలు, 3.27
మే: 50 ఓడలు, 2.64
జూన్: 20 ఓడలు, 0.95

ఇవి ప్రపంచంలోని అన్ని సముద్రాల్లో శత్రు జలాంతర్గాములు ముంచినవి, వాటిలో చాలావరకు యు-బోట్లవే. విమానాలు, మందుపాతరలు, ఉపరితల యుద్ధనౌకలు ముంచినవి వీటిలో లేవు. అన్ని కారణాలూ కలిపితే నవంబరు అంకె 8.07 అవుతుంది, మార్చిది 6.93 అవుతుంది. ఒక పుస్తకంలో 7.29 అనీ ఇంకోదాంట్లో 8.07 అనీ కనబడితే వాటిలో ఒకటి తప్పని అనుకోకండి, రెండు వేర్వేరు పద్దులు అవి. ఈ తేడా మన తీరానికీ వర్తిస్తుంది. 1942 ఏప్రిల్‌లో ఒజావా నడిపిన జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలో 23 వాణిజ్య ఓడలను, సుమారు 1.12 లక్షల టన్నులను ముంచింది. ఆ దళం విమానాలే ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ 23 ఓడలు "అన్ని కారణాలు" పద్దులో ఉంటాయి, యు-బోట్ల పద్దులో ఉండవు.

రెండో పని: టన్ను ఏ టన్నో తేల్చుకోవడం

కొత్తగా లెక్కలు మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే జారిపడతారు. మునిగిన ఓడల పట్టికల్లో ఉండేది గ్రాస్ టన్ను. పేరు టన్నే అయినా అది బరువు కాదు, ఓడ లోపలి చోటు. ఒక గ్రాస్ టన్ను అంటే 100 ఘనపుటడుగులు. అమెరికా కట్టిన ఓడల పట్టికల్లో ఎక్కువగా కనబడేది డెడ్‌వెయిట్ టన్ను. అది ఓడ మోయగల సరుకు, ఇంధనం, సామగ్రి అన్నీ కలిపిన బరువు. ఒకే ఓడకు ఈ రెండు అంకెలూ వేర్వేరుగా ఉంటాయి. లిబర్టీ ఓడ గ్రాస్ టన్నుల్లో సుమారు 7,170, డెడ్‌వెయిట్‌లో సుమారు 10,800. అంటే దాదాపు ఒకటికి ఒకటిన్నర.

ఈ తేడా గమనించకపోతే ఏమవుతుందో చూడండి. 1942లో అమెరికా కట్టినవి సుమారు 80 లక్షల డెడ్‌వెయిట్ టన్నులు. అదే ఏడాది మిత్రపక్షాలు, తటస్థ దేశాలు అన్ని కారణాలతో పోగొట్టుకున్నవి సుమారు 78 లక్షల గ్రాస్ టన్నులు. పక్కపక్కన పెడితే జమ, ఖర్చు సరిపోయినట్టు కనిపిస్తుంది. సరిపోలేదు. 80ని ఒకటిన్నరతో భాగిస్తే 53. బ్రిటన్ కట్టిన సుమారు 13 లక్షలు కలిపితే 66. కెనడా తదితర దేశాలవీ వేస్తే 70కి అటూ ఇటూ అవుతుంది. 78లోంచి తీసేస్తే ఆ ఏడాది ఖాతా లోటే. 1942లో లండన్ ఎందుకంత కంగారు పడిందో టన్ను మార్చి చూస్తేగాని బోధపడదు. యుద్ధానికి ముందు ఏటా 5 కోట్ల టన్నులకు పైగా ఉన్న బ్రిటన్ దిగుమతులు, చమురు కాకుండా, ఆ ఏడాది సుమారు 2.3 కోట్లకు పడిపోయాయి.

నియమం ఒకటే. రెండు పట్టికల అంకెలను తీసివేసే ముందు రెండింటి తలకట్టులో ఏ టన్ను రాసి ఉందో చూడండి. ఏదీ రాయకపోతే ఆ పట్టికను పక్కన పెట్టేయండి.

మూడో పని: కారణాన్ని తీసేసి చూడడం

ఇప్పుడు డోనిట్జ్ లక్ష్యం దగ్గరికి వద్దాం. నెలకు 7 లక్షలు అంటే ఏడాదికి 84 లక్షలు. 1942లో యు-బోట్లు ముంచినవి సుమారు 62 లక్షలు, నెలకు 5.2. అన్ని కారణాలూ కలిపినా నెలకు 6.5. వాళ్లకు బాగా కలిసొచ్చిన ఏడాదిలోనే సగటు లక్ష్యాన్ని తాకలేదు. విడివిడి నెలలు తాకాయి, 1942 జూన్‌లో అన్ని కారణాలతో 8.3 లక్షల దాకా పోయింది. సగటు మాత్రం తాకలేదు.

1943కి రండి. అమెరికాలో ఓడలు కట్టే కేంద్రాలు ఆ ఏడాది సుమారు 190 లక్షల డెడ్‌వెయిట్ టన్నులు దించాయి. ఒకటిన్నరతో భాగిస్తే 127. బ్రిటన్‌దీ మిగతావాళ్లదీ కలిపితే 140 పైచిలుకు, నెలకు దాదాపు 12 లక్షలు. మునిగినవి ఏడాది మొత్తానికి సుమారు 32 లక్షలు. అంటే డోనిట్జ్ నెగ్గాలంటే లక్ష్యం 7 కాదు, 12 కావాలి. ఈ యుద్ధంలో ఏ ఒక్క నెలలోనూ అన్ని కారణాలూ కలిపినా 9 లక్షలు దాటలేదు. చెరువుకు గండి పెద్దదే, కాని వచ్చే వరద దానికన్నా పెద్దది.

ఈ వరద ఎక్కడిదో కొంచెం ఆగి చూడాలి. లిబర్టీ ఓడ కొత్త సృష్టి కాదు, బ్రిటిష్ నమూనాను సులువు చేసిన రూపం. దానికి పెట్టింది అప్పటికే పాతబడిన ఆవిరి ఇంజిన్, 2,500 అశ్వశక్తి, వేగం గంటకు 11 నాటికల్ మైళ్లు. టర్బైన్లు మేలైనవే, కాని వాటికి కావలసిన గేర్లు కోసే యంత్రాలు తక్కువ, ఉన్నవి యుద్ధనౌకలకే చాలవు. ఆవిరి ఇంజిన్‌నైతే చాలా కర్మాగారాలు చేయగలవు. రివెట్లు కొట్టడం మాని వెల్డింగుకు వెళ్లారు. రివెట్ పనివాడు తయారు కావడానికి పట్టే కాలంలో వెల్డింగ్ చేసేవాళ్లను ఎంతోమందిని తయారు చేయొచ్చు, లక్షలాది స్త్రీలు ఈ పనుల్లో చేరారు. ఓడ ముక్కలను విడిగా కట్టి క్రేనుతో తెచ్చి అతికించారు. తొలి ఓడలకు ఒక్కోదానికి 230 రోజులకు పైగా పట్టింది, తర్వాత సగటు 42 రోజులకు దిగింది. 1942 నవంబరులో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో రాబర్ట్ ఇ. పియరీని 4 రోజుల 15 గంటల్లో నీళ్లలోకి దించారు. అది ప్రచారం కోసం చేసిన పని, దాన్ని సగటుగా వాడకండి. యుద్ధం ముగిసేసరికి 2,710 ఓడలు కట్టారు.

దీనికి మూల్యం కూడా ఉంది. అప్పటి ఉక్కు చలిలో పెళుసుబారేది. రివెట్ ఓడలో పగులు పలక అంచు దగ్గర ఆగుతుంది. వెల్డింగ్ ఓడలో పలకలన్నీ ఒకటే కనుక పగులు ఆగకుండా పాకుతుంది. సరుకు దింపే చదరపు ద్వారాల మూలల్లో మొదలై కొన్ని ఓడలు రెండు ముక్కలయ్యాయి. ఉక్కుదే లోపమని కేంబ్రిడ్జిలో కాన్‌స్టెన్స్ టిప్పర్ తేల్చింది. మూలలు గుండ్రంగా చేశారు, పగులు ఆపే పట్టీలు వేశారు. ఇలా పోయిన ఓడలను కూడా ఖర్చు పద్దులో రాయాలి, అవి శత్రువు ఖాతాలోకి రావు.

సరే, తీసివేత పరీక్ష చేద్దాం. 1943లో అమెరికా కట్టినదాంట్లో సగం లేదనుకోండి. 140లో 63 పోతే 77 మిగులుతాయి. మునిగినవి 32. ఖాతా ఇంకా మిగులే. కాబట్టి ఓడల తయారీ "డోనిట్జ్ టన్నుల యుద్ధం ఎందుకు గెలవలేకపోయాడు" అన్న ప్రశ్నకు గట్టి జవాబు. మీ పట్టికలో మార్చిలో 108 ఉన్నది జూన్‌లో 20కి ఎందుకు పడిందో మాత్రం అది చెప్పదు. ఓడలు ఎక్కువగా ఉంటే మునిగేవి తగ్గవు కదా, వేటాడటానికి మరిన్ని దొరుకుతాయి. ఆ రెండో ప్రశ్నకు వేరే జవాబు వెతకాలి.

నాలుగో పని: తేదీల గడి నింపడం

సంకేతాలతో మొదలుపెడదాం. 1942 ఫిబ్రవరి 1న అట్లాంటిక్ యు-బోట్లు సందేశాలను రహస్య సంకేతాలుగా మార్చే ఎనిగ్మా యంత్రంలో నాలుగు చక్రాల రకానికి మారాయి, ఆ సంకేతాలను ఛేదించే బ్రిటిష్ కేంద్రం బ్లెచ్లీ పార్క్‌కు చీకటి కమ్మింది. అక్టోబరు 30న మధ్యధరా సముద్రంలో మునిగిపోతున్న యు-559లోకి దిగి ఫాసన్, గ్రేజియర్ అనే ఇద్దరు నావికులు సంకేత పుస్తకాలు పైకి అందించి, ఓడతోపాటే మునిగిపోయారు. ఆ పుస్తకాల సాయంతో డిసెంబరు మధ్య నుంచి సందేశాలు మళ్లీ చదవగలిగారు. పట్టికలో డిసెంబరు, జనవరి అంకెలు తగ్గాయి. "అదిగో, ఎనిగ్మా!" అని రాసేయబోతారు మీరు. ఆగండి. ఫిబ్రవరిలో సందేశాలు చదువుతూనే ఉన్నారు, నష్టం పెరిగింది. మార్చి 10 తర్వాత పది రోజుల పాటు మళ్లీ చీకటి పడిన మాట నిజమే, కాని ఫిబ్రవరి పెరుగుదలకు ఆ చీకటి సాకు కాదు. ఆ చలికాలపు తుపానులను కూడా గడిలో రాయండి, అలలు కొండల్లా ఉన్నప్పుడు టార్పెడో గురి కుదరదు.

అసలు సంగతి ఏమిటంటే, సంకేతాల విలువ సముద్రంలో ఉన్న యు-బోట్ల సంఖ్య మీద ఆధారపడింది. తోడేళ్లు ఎక్కడున్నాయో తెలిస్తే మందను పక్కదారి పట్టించొచ్చు. ఒక్క గుంపు ఉన్నప్పుడు అది సాగుతుంది. 1943 వసంతానికి అట్లాంటిక్‌లో వరుస మీద వరుస ఉంది, ఒకదాన్ని తప్పుకుంటే ఇంకోదాని మీద పడేది. పైగా జర్మన్లు కూడా బ్రిటిష్ కాన్వాయ్‌ల, అంటే కాపలాతో గుంపుగా సాగే వాణిజ్య ఓడల, సంకేతాన్ని చదువుతున్నారు. బ్రిటన్ దాన్ని మార్చింది 1943 జూన్‌లో. అప్పటికే యు-బోట్లు వెనక్కి వెళ్లాయి. తేదీ వేస్తే కారణం కాకుండా పోయేవి ఇలాంటివే.

మార్చిలో హెచ్‌ఎక్స్ 229, ఎస్‌సి 122 కాన్వాయ్‌ల మీద దాడిలో 20కి పైగా ఓడలు పోయాయి, జర్మన్లకు పోయింది ఒక్క యు-బోటు. రెండు నెలల తర్వాత, మే నెలలో 41 యు-బోట్లు పోయాయి. ఓడల నష్టాన్ని యు-బోట్ల నష్టంతో భాగిస్తే మార్చిలో ఒక యు-బోటుకు 7 ఓడలు, మేలో 1.2. మే 19న ఎస్‌సి 130 మీదికి వెళ్లిన యు-954లో డోనిట్జ్ కొడుకు పీటర్ చనిపోయాడు. ఆ కాన్వాయ్ ఒక్క ఓడనూ పోగొట్టుకోలేదు. మే 24న డోనిట్జ్ ఉత్తర అట్లాంటిక్ నుంచి తన బోట్లను వెనక్కి రమ్మన్నాడు.

ఐదో పని: యంత్రం ఎలా పనిచేసిందో లెక్క వేయడం

ఏప్రిల్, మే నెలల గడిలో రాయాల్సినవి చాలా ఉన్నాయి. సముద్రం మధ్యలో విమానాలు అందని ఖాళీని మూసిన దూరప్రయాణ లిబరేటర్ బాంబర్లు, ఎస్కార్ట్ విమానవాహక నౌకలు, సెంటీమీటర్ తరంగాల రాడార్, యు-బోటు రేడియో మాట్లాడగానే దిక్కు చెప్పే యంత్రం, ఏ కాన్వాయ్‌కీ కట్టుబడకుండా వేటకు దిగే సహాయ దళాలు. వీటి జాబితా రాసి వదిలేయడం పరీక్షల్లో మార్కులు తెస్తుంది, తూకం రాదు. ఒక్కదాన్ని తీసుకుని అది ఎలా పనిచేసిందో అంకెల్లో చూడండి.

విమానం తీసుకుందాం. టైప్ 7సి యు-బోటు నీటి మీద గంటకు 17 నాటికల్ మైళ్లు పోగలదు. నీటి అడుగున గరిష్ఠం 7.6, అదీ కాసేపే, తర్వాత బ్యాటరీ అయిపోతుంది. బ్యాటరీ చాలాసేపు నిలవాలంటే 4 మైళ్ల వేగంతో సుమారు 80 మైళ్లు. నెమ్మది కాన్వాయ్ వేగం 7. నీటి మీద ఉన్న యు-బోటు ఆ కాన్వాయ్‌ను గంటకు 10 మైళ్ల చొప్పున దాటి ముందుకు వెళ్లి కాచుకోగలదు. ఇప్పుడు ఒక విమానం కనిపించి అది మునిగిందనుకోండి. గంటకు 3 మైళ్ల చొప్పున వెనకబడుతుంది. 10 గంటలు తల ఎత్తనివ్వకపోతే 30 మైళ్లు, కాన్వాయ్ దృష్టిలోంచి పోయింది. విమానం ఒక్క బాంబూ వేయనక్కర్లేదు. "లిబరేటర్లు ఎన్ని యు-బోట్లను ముంచాయి" అని మాత్రమే లెక్కపెట్టేవాళ్లకు ఈ ఫలితం కనబడదు. అది ఏ పట్టికలోనూ గడిగా లేదు. మునగని ఓడను ఎవరూ నమోదు చేయరు.

ఇక కొత్త పరికరమేమీ లేకుండానే వచ్చిన లాభం ఒకటి. పాట్రిక్ బ్లాకెట్ నాయకత్వంలో కొందరు శాస్త్రవేత్తలు నౌకాదళం లెక్కలు చూస్తుండేవారు. నౌకాదళానికి పెద్ద కాన్వాయ్ అంటే భయం, 40 ఓడలు చాలనుకునేది. లెక్క మీరే చేయండి. ఓడలు నిలువు వరుసల్లో సాగుతాయి. వరుసకూ వరుసకూ మధ్య 900 మీటర్లు, వరుసలో ఓడకూ ఓడకూ మధ్య 600 మీటర్లు అనుకుందాం. 40 ఓడలను 8 వరుసల్లో ఐదేసి చొప్పున పెడితే వెడల్పు 6.3 కిలోమీటర్లు, పొడవు 2.4. చుట్టూ 4 కిలోమీటర్ల దూరంలో కాపలా నౌకలు తిరగాలంటే వాటి కంచె చుట్టుకొలత 49.4. ఇప్పుడు 80 ఓడలను 10 వరుసల్లో ఎనిమిదేసి పెట్టండి. వెడల్పు 8.1, పొడవు 4.2, కంచె 56.6. ఓడలు రెట్టింపు, కంచె పెరిగింది ఏడో వంతు. బ్లాకెట్ బృందం తేల్చిందీ ఏడో వంతే.

కంచె దాటి లోపలికొచ్చిన యు-బోటు ముంచే ఓడల సంఖ్య మందలో ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి మారదు, దాని టార్పెడోలను, చిక్కిన వ్యవధిని బట్టి ఉంటుంది. కాబట్టి పెద్ద మందలో శాతం తగ్గుతుంది. గడిచిన రెండేళ్ల రికార్డు చూస్తే, సగటున 32 ఓడలున్న కాన్వాయ్‌లు 2.5 శాతం పోగొట్టుకున్నాయి, సగటున 54 ఓడలున్నవి 1.1 శాతం. పైగా కాన్వాయ్‌ల సంఖ్య తగ్గితే కాపలా నౌకలు మిగులుతాయి, సహాయ దళాలకు నౌకలు దొరికే దారి అదే. 1944లో హెచ్‌ఎక్స్ 300 అయితే 160కి పైగా ఓడలతో దాటింది.

లోతు బాంబుల సంగతీ ఇలాంటిదే. విమానం వేసే బాంబులను మొదట్లో 100 అడుగుల లోతులో పేలేలా పెట్టేవారు. యు-బోటు అంత లోతుకు దిగేసరికి ఎటు తిరిగిందో ఎవరికీ తెలియదు. గురి కుదిరేది అది నీటి మీద కనిపిస్తున్నప్పుడే. పేలుడు లోతును 25 అడుగులకు తేవాలని శాస్త్రవేత్త ఇ.జె. విలియమ్స్ లెక్క వేశాడు. బాంబు అదే, విమానం అదే, మార్చింది పేలే లోతు. ఇలాంటివి గెలుపు కారణాల జాబితాల్లో అరుదుగా కనిపిస్తాయి, ఫొటో తీయడానికి ఏమీ ఉండదు మరి.

ఆరో పని: ఎవరి జేబులోంచి పోయిందో రాయడం

జమాఖర్చులో చివరి గడి ఇది, చాలామంది వదిలేస్తారు. బ్రిటిష్ వాణిజ్య ఓడల బాయిలర్ల దగ్గర, డెక్‌ల మీద వేలాది భారతీయ నావికులు పనిచేశారు. వాళ్లను లాస్కర్లు అనేవారు. మునిగిన టన్నుల అంకె వెనుక వాళ్ల ప్రాణాలు కూడా ఉన్నాయి. ఇంకొకటి. 1943 జనవరిలో అట్లాంటిక్ లోటు పూడ్చడానికి చర్చిల్ హిందూ మహాసముద్రానికి వెళ్లే ఓడల్లో సగానికి పైగా కోత పెట్టాడు. అదే ఏడాది బెంగాల్‌లో కరువు. దానికి బర్మా బియ్యం ఆగిపోవడం, ధరలు ఎగబాకడం, తుపాను, పాలకుల నిర్ణయాలు ఎన్నో కలిశాయి, ఓడల కోత ఒక్కటే కారణం అనకూడదు. కాని ధాన్యం పంపమని ఢిల్లీ అడిగినప్పుడు లండన్ చెప్పిన జవాబు ఓడలు లేవన్నదే. అట్లాంటిక్ ఖాతా మిగులు చూపించడానికి ఇంకో ఖాతా లోటు చూపించింది. రెండూ పక్కపక్క పేజీల్లో ఉంచండి.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే

యు-బోటు కమాండర్లు పంపిన రేడియో నివేదికల్లోని టన్నులు వాడకండి. చీకట్లో పేలుడు విని ఓడ మునిగిందనుకునేవారు, టన్నేజీ పెంచి చెప్పేవారు. డోనిట్జ్ తన లక్ష్యానికి దగ్గర్లో ఉన్నానని నమ్మడానికి అది కూడా ఒక కారణం. యుద్ధం తర్వాత రెండు వైపుల పత్రాలూ పోల్చి తేల్చిన అంకెలే వాడండి. మార్చి నెలను చూసి అట్లాంటిక్ దారే మూతపడబోయిందని రాసేవాళ్లున్నారు, బ్రిటిష్ నౌకాదళ కార్యాలయమే తర్వాత అలాంటి మాట అంది. ఆ నెలలో దెబ్బ తినకుండా దాటిన కాన్వాయ్‌లను కూడా లెక్కలో పెట్టాకే ఆ వాక్యం రాయండి.

ఇంటి పని

ఒకటి: మీ పట్టికలో ప్రతి నెలకూ టన్నేజీని ఓడల సంఖ్యతో భాగించి ఓడ సగటు పరిమాణం కట్టండి. నవంబరుకు సుమారు 6,100 టన్నులు రావాలి. రాకపోతే లక్షల దగ్గర ఎక్కడో సున్నా జారింది.

రెండు: కాన్వాయ్ లెక్కను 120 ఓడలకు చేయండి, 12 వరుసలు, వరుసకు పది. కంచె చుట్టుకొలత 62.6 కిలోమీటర్లు రావాలి. 40 ఓడల కంచెతో పోల్చి, ఒక్కో ఓడకు వచ్చే కంచె ఎన్ని మీటర్లు తగ్గిందో రాయండి.

మూడు: 1943 మే నుంచి విమానాలను తీసేయండి, రాడార్‌ను ఉంచండి. తర్వాత రాడార్‌ను తీసేసి విమానాలను ఉంచండి. రెండు సందర్భాల్లో పొగమంచు పట్టిన రాత్రి ఏం జరుగుతుందో ఐదేసి వాక్యాల్లో రాయండి. దీనికి మే 5 రాత్రి ఓఎన్‌ఎస్ 5 కాన్వాయ్ దగ్గర పట్టిన పొగమంచు గురించి చదవండి, సగం జవాబు అక్కడ దొరుకుతుంది.

6వ పాఠంలో సముద్రం వదిలి రష్యా రైలు పట్టాల మీదికి వెళ్తాం. రెండు సంఖ్యలు రాసి పెట్టుకోండి: 1,435 మిల్లీమీటర్లు, 1,524 మిల్లీమీటర్లు.